రోజూ తిరిగే కారుకు సొంత ముద్ర: వినైల్ స్టిక్కర్లు మనమే వేసుకునే పద్ధతి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాలుగైదు తెల్ల కార్లు వరసగా నిలబడి ఉంటే, మనది ఏదో నంబరు ప్లేటు చూస్తే గానీ పోల్చుకోలేం. పోనీ రంగు మార్పిద్దామా అంటే ఖర్చుకు ఖర్చు, ఆర్‌సీలో మార్పించుకునే తిప్పలు వేరే. వినైల్ స్టిక్కర్‌తో ఆ గొడవ లేదు. నచ్చినన్నాళ్లు ఉంచుకోవచ్చు, విసుగొస్తే పీకేయొచ్చు. కారు అమ్మే రోజున తీసేస్తే కింద కంపెనీ పెయింటు అలాగే ఉంటుంది.

ఇక్కడ మూడు పనులు చెబుతున్నాను. పెట్రోల్ మూత మీద చిన్న బొమ్మ, డిక్కీ మీద తెలుగు అక్షరాలు, తలుపుల కింది భాగంలో చారలు. ఆ వరసలోనే చేయండి. మొదటిది చెడినా పోయేది అరచేతంత షీటే. మూడోది చెడితే ఒక ఆదివారం మొత్తం పోతుంది.

అంటించిన స్టిక్కర్ నెలకే అంచులు లేచిందంటే తప్పు చాలాసార్లు అంటించిన చేతిది కాదు. షీటు ఎంపికలోనో, రేకు శుభ్రంలోనో, అంటించిన వేళలోనో ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం అంటించక ముందు చేయాల్సిన పని గురించే.

ఎక్కడ అంటించాలి, ఎక్కడ వద్దు

డిజైను గీసుకోకముందే చోటు ఖాయం చేసుకోవాలి. ముందు చట్టం సంగతి చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. రంగు కూడా ఆర్‌సీలో ఉండే వివరమే. తెల్ల కారుకు రెండు నల్ల చారలు వేస్తే అది తెల్ల కారుగానే ఉంటుంది. కారు మొత్తానికి నల్ల ర్యాప్ చుట్టేస్తే మాత్రం ఆర్టీఓ ఆఫీసు దాకా వెళ్లాల్సిన వ్యవహారమే.

నంబరు ప్లేటు జోలికి అసలు వెళ్లొద్దు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటే వస్తోంది. దాని మీద పేరు, బొమ్మ, జెండా ఏదీ ఉండకూడదు. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ వచ్చింది కదా అని పాత టీఎస్ ప్లేటు మీద ‘జీ’ ముక్క అంటించుకోవడం కూడా తప్పే. టీఎస్‌తో రిజిస్టరైన బండికి టీఎస్సే చెల్లుతుంది.

అద్దాల మీద కూడా వద్దనే చెబుతాను. 2012 ఏప్రిల్‌లో అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నల్ల ఫిల్ములతో ఆగలేదు. అద్దాల మీద మరే పదార్థమూ అంటించకూడదని అందులో ఉంది. వెనక అద్దం మీద దేవుడి పేర్లు, పిల్లల పేర్లు రోడ్డు నిండా కనిపిస్తూనే ఉంటాయి, నిజమే. కానీ ఏ జంక్షన్‌లో ఏ కానిస్టేబుల్ ఆపుతాడో అన్న టెన్షన్ మనకెందుకు? పైగా చాలా కార్లలో వెనక అద్దానికి డీఫాగర్ తీగలు (అద్దం మీది ఆవిరిని పోగొట్టేవి), వైపర్ ఉంటాయి. వైపర్ రోజూ రాసుకుంటే ఏ స్టిక్కరూ నిలవదు. అక్షరాలు రాయాలని ఉంటే అద్దం కింద డిక్కీ రేకు మీద చక్కగా రాసుకోవచ్చు.

రిఫ్లెక్టివ్ షీటు వాడేవాళ్లు రంగు చూసుకోవాలి. ముందు వైపు తెలుపు, వెనక ఎరుపు, పక్కన పసుపు అన్నది రోడ్డు మీద అందరికీ అలవాటైన లెక్క. రాత్రి హైవే మీద ఎర్రగా మెరిసేది కనిపిస్తే ఎదురుగా వచ్చేవాడు దాన్ని బండి వెనక భాగం అనుకుంటాడు. కాబట్టి బానెట్ మీద, ముందు బంపర్ మీద ఎర్ర రిఫ్లెక్టివ్ పెట్టొద్దు. లైట్ల మీద ఏ షీటూ వద్దు. మనకు లేని హోదాను చాటే ‘పోలీస్’, ‘ప్రెస్’ లాంటి మాటల గురించి చెప్పక్కర్లేదు.

ఇక రేకు సంగతి. వినైల్ బాగా పట్టేది నున్నటి కంపెనీ పెయింటు మీద. గరుకుగా ఉండే నల్ల ప్లాస్టిక్ క్లాడింగ్ మీద, పెయింటు లేని బంపర్ మీద మామూలు వినైల్ నిలవదు. డెంటింగ్, పెయింటింగ్ చేయించిన తలుపైతే కనీసం నెల రోజులు ఆగండి. కొత్త పెయింటు నుంచి ఆవిర్లు వస్తూనే ఉంటాయి, వాటివల్ల స్టిక్కర్ కింద బుడగలు లేస్తాయి. బయట వేయించిన పెయింటు గట్టిగా పట్టి ఉండకపోతే స్టిక్కర్ తీసేటప్పుడు దాంతో పాటే పొరలుగా వచ్చేస్తుంది కూడా. అలాంటి ప్యానెల్‌ను వదిలేసి పక్కదాని మీద వేసుకోండి.

బానెట్, రూఫ్ రోజంతా ఎండను నేరుగా తాగుతాయి. తలుపు మీద నాలుగేళ్లు ఉండే షీటు బానెట్ మీద అందులో సగం కూడా ఉండకపోవచ్చు. తొలిసారి చేసేవాళ్లకు తలుపులు, డిక్కీ, మూత చాలు.

షీటు: చవకది ఎందుకు కుంచించుకుపోతుంది

రేడియం షాపుకు వెళ్లి ‘స్టిక్కర్ షీటు’ అని అడిగితే చేతికి ఏది దగ్గరగా ఉంటే అది ఇస్తారు. గోడలకు, షాపు బోర్డులకు వాడేది, బైకులకు వేసేది, కార్లకు వేసేది అన్నీ ఒకే రాక్‌లో ఉంటాయి. అందుకని తేడా మనకే తెలిసి ఉండాలి.

వినైల్ షీటు అంటే పీవీసీ అనే ప్లాస్టిక్. తయారీలో రెండు పద్ధతులున్నాయి. మెత్తబడ్డ పీవీసీని వేడి రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి పల్చగా చేస్తే క్యాలెండర్డ్ షీటు వస్తుంది. ద్రవంగా ఉన్న పీవీసీని పల్చగా పోసి ఓవెన్‌లో ఆరబెడితే కాస్ట్ షీటు వస్తుంది. సాగదీసి చేసిన షీటు వేడి తగిలినప్పుడల్లా వెనక్కి కుంచించుకుపోవాలని చూస్తుంది. మన మే నెల ఎండలో ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. షీటు అంచు ఒక మిల్లీమీటరు లోపలికి జరిగితే జిగురు బయటపడి దుమ్ము పట్టి చుట్టూ నల్ల గీత కడుతుంది. పాత ఆటోల మీద అక్షరాల చుట్టూ కనిపించే మురికి గీత అదే. పోతపోసి చేసిన కాస్ట్ షీటుకు ఆ గుణం చాలా తక్కువ. పల్చగా, సుమారు 50 మైక్రాన్ల మందంతో ఉండి వంపుల్లోకి బాగా ఒదుగుతుంది. ధర మాత్రం ఎక్కువ.

క్యాలెండర్డ్‌లోనూ మోనోమెరిక్, పాలిమెరిక్ అని రెండు రకాలు. మోనోమెరిక్ చవకది, కారుకు వద్దు. సమతలంగా ఉన్న చోట పాలిమెరిక్ సరిపోతుంది. ఒరాకల్ అనే బ్రాండులో 651 క్యాలెండర్డ్ షీటు. ఒరాకల్ 751, 951 కాస్ట్ షీట్లు. అదే కంపెనీ 631 గోడల కోసం చేసింది, తేలిగ్గా ఊడొచ్చే జిగురుతో ఉంటుంది. కారుకు అది పనికిరాదు. 3ఎం 2080, ఏవరీ డెన్నిసన్ సుప్రీం ర్యాపింగ్ ఫిల్మ్ లాంటివి కారంతా చుట్టడానికి చేసిన కాస్ట్ షీట్లు. వాటి జిగురులో గాలి పోవడానికి సన్నని కాలవలుంటాయి. పెద్ద చారలకు బావుంటాయి గానీ చిన్న అక్షరాలకు అంత ఖర్చు అనవసరం.

కంపెనీలు చెప్పే ‘ఆరేళ్లు’, ‘ఏడేళ్లు’ అన్న లెక్కను ఉన్నదున్నట్టు నమ్మొద్దు. ఆ లెక్క ఎక్కువగా మధ్య యూరప్ వాతావరణానికి, నిలువుగా ఉన్న ఉపరితలానికి వేసింది. రామగుండం ఎండకు, రెంటచింతల ఎండకు కాదు. నలుపు, తెలుపు ఎక్కువకాలం నిలుస్తాయి. ఎరుపు, పసుపు, మెటాలిక్ రంగులు ముందు వెలుస్తాయి. తెల్ల కారుకు మ్యాట్ నలుపు, ముదురు బూడిద రంగు నా ఎంపిక. క్రోమ్ షీటు ఫొటోలో మెరుస్తుంది, రోడ్డు మీద గీతలు పడి వారంలో ముసలిదైపోతుంది.

డిజైను: తెలుగు అక్షరం, కటింగ్ బ్లేడు

ఇంగ్లిష్ అక్షరాల స్టిక్కర్ ఎవరైనా చేసిస్తారు. తెలుగు దగ్గరే చిక్కంతా. రోడ్డు పక్క బోర్డుల మీద కనిపించే ‘నిదానమే ప్రధానం’ అన్న మాటనే తీసుకుందాం. డిక్కీ మీద పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి మాట నాకు కనబడలేదు. వెనక హారన్ కొట్టేవాడికి జవాబు కూడా అందులోనే ఉంది.

‘ప్ర’ చూడండి. ప తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరానికి తగలకుండా విడిగా ఉంటుంది. ష, స, హ కూడా అంతే. అంటే బ్లేడు కోసినప్పుడు అది విడి ముక్క. రావొత్తు ప మీదికి ఎక్కి ఉంటుంది. తెర మీద రెండూ కలిసి ఒకే నల్ల ఆకారంగా కనిపించినా, కటింగ్ మెషీన్‌కు అవి రెండు వేర్వేరు గీతలు. దాంతో ఒకదాన్నొకటి దాటే చోట రెండింటినీ కోసేస్తుంది, అక్షరం మధ్యలో చీలిక పడుతుంది. ధ కింది పొట్టి గీత, థ, ఠలలోని చుక్కలు చిన్న ముక్కలు. పీకేటప్పుడు అవే మనకు తెలియకుండా చెత్తలోకి పోతాయి.

అందుకని ఫాంటు లావుగా ఉండాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత తెలుగు ఫాంట్లలో రామభద్ర, తిమ్మన, రవిప్రకాశ్ శీర్షికల కోసం చేసినవి, స్టిక్కర్‌కు బాగా కుదురుతాయి. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది గానీ కొయ్యడానికి సన్నం. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే: అక్షరంలో అతి సన్నని గీత కూడా 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చుక్కలైతే 4 మిల్లీమీటర్లు ఉండాలి. వెనక కారులో వాళ్లు చదవాలంటే అక్షరం ఎత్తు, వొత్తులు కాకుండా, 4 నుంచి 5 సెంటీమీటర్లు కావాలి.

ఇంక్‌స్కేప్ ఉచిత సాఫ్ట్‌వేర్, తెలుగు సరిగ్గా చూపిస్తుంది. మాట టైపు చేసి, ‘పాత్’ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కితే అక్షరాలు గీతలుగా మారతాయి. తర్వాత అన్నిటినీ విడగొట్టి, ఎంచుకుని, అదే మెనూలో ‘యూనియన్’ నొక్కండి. ఒకదాని మీదికొకటి ఎక్కిన వొత్తులు, గుణింతాలు కలిసిపోయి ఒకే అంచు మిగులుతుంది. ఇప్పుడు ‘వ్యూ’ మెనూలో అవుట్‌లైన్‌కు మార్చి చూస్తే అక్షరం లోపల అడ్డగీతలు ఉండకూడదు. ఉంటే ఇంకా కలవలేదన్నమాట. విడిగా ఉన్న తలకట్టును కొంచెం కిందికి జరిపి అక్షరానికి తగిలించి యూనియన్ చేస్తే ఆ చిన్న ముక్క బాధ తప్పుతుంది. రూపం ఏమీ చెడదు, బోర్డులు రాసే ఆర్టిస్టులు కుంచెతో చేసేదీ ఇదే.

షాపులో కటింగ్ చేయించేటట్టయితే ఇంకో జాగ్రత్త. వాట్సాప్‌లో మాట టైపు చేసి పంపితే వాళ్లు తమ దగ్గరున్న పాత ఫాంటులో మళ్లీ టైపు చేస్తారు. ‘ప్రధానం’ కాస్తా ‘ప్రదానం’ అయ్యేది అక్కడే. గీతలుగా మార్చిన ఫైలునే పీడీఎఫ్‌గానో ఎస్‌వీజీగానో, ఫొటోలా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపండి. సైజు సెంటీమీటర్లలో రాసి చెప్పండి. కోయించాక షాపులోనే నిలబడి అక్షరం అక్షరం చదువుకోండి.

కొయ్యడం, పీకడం

ప్లాటర్ (డిజైను ప్రకారం షీటును కోసే మెషీన్) ఉన్న రేడియం షాపు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. చిన్న పనికి అదే తేలిక. ఇంట్లో క్రికట్, సిల్హౌట్ కేమియో లాంటి చిన్న కటింగ్ మెషీన్లు ఉంటే ఇంకా హాయి. ఏదీ లేకపోయినా చారలు, గుండ్రాలు, సూటి ఆకారాలు పేపర్ కట్టర్‌తో చేత్తోనే కొయ్యొచ్చు. తెలుగు అక్షరాల గుండ్రాలను చేత్తో కొయ్యమని మాత్రం ఎవరికీ చెప్పను.

చేత్తో కోసేటప్పుడు డిజైను కాగితం మీద ప్రింటు తీసి, వినైల్ మీద టేపుతో బిగించి, రెండింటినీ కలిపి కోయాలి. బ్లేడు వినైల్‌ను తెంపాలి, వెనక కాగితాన్ని తెంపకూడదు. ముందు ఒక మూల ముక్క మీద చేతి బరువు సరిచూసుకోండి. వంపు దగ్గర చెయ్యి తిప్పకుండా షీటునే తిప్పండి. బ్లేడు మొన అరిగితే వినైల్ చిరుగుతుంది, అందుకని మొనను తరచూ విరిచి కొత్తది తెచ్చుకోండి. మూలలన్నీ కొద్దిగా గుండ్రం చేయండి. సూది మూలలే మొదట లేస్తాయి, కడిగే గుడ్డకు తగులుకునేదీ అవే.

కోసిన తర్వాత అక్షరాల చుట్టూ ఉన్న అనవసరపు వినైల్‌ను పీకేయాలి. ఒక మూల నుంచి, షీటుకు దాదాపు ఆనించినట్టుగా, నెమ్మదిగా లాగండి. అక్షరం లేస్తుంటే ఆగి, ట్వీజర్స్‌తో నొక్కి పట్టుకుని మళ్లీ లాగండి. చివరగా లోపలి గుండ్రాలు తీసేయాలి. ఫ్యాను ఆపేసి చేయండి, లేకపోతే పీకిన ముక్క ఎగిరొచ్చి పనైన అక్షరానికి అంటుకుంటుంది.

ఇప్పుడు పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి, కార్డుతో గట్టిగా రుద్దాలి. ముక్కలన్నిటినీ ఉన్న చోటు నుంచి కదలకుండా కారు మీదికి చేర్చేది ఇదే. షాపులో కటింగ్ చేయిస్తే ఇది కూడా వేసి ఇమ్మనండి. దొరక్కపోతే వెడల్పాటి మాస్కింగ్ టేపు వరసలు వరసలుగా, ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా అంటించి వాడుకోవచ్చు. సెలోటేపు మాత్రం వద్దు, అది వినైల్‌ను వదలదు.

రేకును శుభ్రం చేయడం

షాంపూతో కడిగి తుడిస్తే చాలదు. కంటికి కనిపించని మైనపు పాలిష్, సిలికాన్, సర్వీసింగ్‌లో కొట్టిన టెఫ్లాన్ కోటింగ్ జిగురుకు అసలు శత్రువులు. సిరామిక్ కోటింగ్ చేయించిన కారైతే స్టిక్కర్ అరకొరగానే పడుతుంది, ముందే తెలుసుకోండి.

మొదట కారు షాంపూతో కడగండి. తారు మచ్చలుంటే తార్ రిమూవర్‌తోనో, గుడ్డకు కొద్దిగా నీలగిరి తైలం రాసో తీయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను 70 పాళ్లు, నీళ్లు 30 పాళ్లు కలిపి, దూది పీచు రాలని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. తడి గుడ్డతో ఒకసారి, అది ఆరకముందే పొడి గుడ్డతో ఒకసారి. ఆరనిస్తే కరిగిన మైనం మళ్లీ అక్కడే పేరుకుంటుంది. ఇంట్లో ఉంది కదా అని హ్యాండ్ శానిటైజర్ వాడొద్దు. అందులో చేతులు పొడిబారకుండా కలిపే గ్లిజరిన్ లాంటివి రేకు మీద జిడ్డుగా మిగిలిపోతాయి. థిన్నర్ వైపు చూడనే వద్దు, పెయింటు మెరుపు పోతుంది.

శుభ్రమైందో లేదో తెలియాలంటే నీళ్లు చల్లండి. బొట్లు బొట్లుగా నిలబడితే మైనం ఇంకా ఉన్నట్టు. పల్చటి పొరలా పరుచుకుంటే సరే. మళ్లీ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత ఆ చోటును చేత్తో ముట్టుకోకండి.

బోరు నీళ్లతో కడిగే ఊళ్లలో ఉప్పు మచ్చలు ఆరాక గరుకుగా తగులుతాయి. చివరి నీళ్లు, స్ప్రే బాటిల్‌లో నీళ్లు ఆర్‌ఓ నీళ్లయితే ఆ బాధ ఉండదు.

ఎండ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అంటించే సమయానికి రేకు సుమారు 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే బావుంటుంది. వేడి రేకు మీద జిగురు తగిలిన వెంటనే పట్టేస్తుంది, సరిచేసుకునే వీలుండదు. వేసవిలో పొద్దున్నే, నీడలో చేయాలి. అరచేతి వెనక భాగాన్ని రేకుకు ఆనించి హాయిగా ఉంచగలిగితే పర్వాలేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ దీనికి మంచి చోటు, గాలి దుమ్ము ఉండదు. వెలుతురు తక్కువైతే ఫోన్ టార్చ్ పక్కనుంచి పడేలా పెట్టుకోండి, బుడగలు నీడతో సహా కనిపిస్తాయి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున రేకు మీద మంచు ఉంటుంది, పూర్తిగా ఆరనివ్వండి. న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఉన్నవాళ్లకు ఉల్టా సమస్య. 10 డిగ్రీల లోపు జిగురు గట్టిబడి పట్టదు. చలికాలంలో చేయాలనుకుంటే వెచ్చగా ఉన్న గ్యారేజీలో కారును ముందు రాత్రే పెట్టుకోవాలి.

మొదటి పని: పెట్రోల్ మూత

మూత దాదాపు సమతలంగా, చిన్నగా ఉంటుంది. చెయ్యి తిరగడానికి ఇదే పాఠం. అంటించే తీరు కింద రెండో పనిలో చెప్పినట్టే. బొమ్మ ఏదైనా సరే, మూత అంచు నుంచి కనీసం సెంటీమీటరు లోపలికి ఉండాలి. పెట్రోల్ తగిలితే జిగురు కరుగుతుంది కాబట్టి బంకులో నాజిల్ చుక్కలు పడే కింది అంచు వైపు ఏమీ పెట్టకండి. డీజిల్ కారైతే ‘డీజిల్ మాత్రమే’ అని పెద్దగా రాసుకోవడం అందానికి అందం, బంకు కుర్రాడు పొరపాటు చేయకుండా జాగ్రత్తకు జాగ్రత్త.

రెండో పని: డిక్కీ మీద అక్షరాలు

ఇది పొడిగానే, నీళ్లు చల్లకుండా చేయాలి. చిన్న ముక్కలు నీటి మీద జారిపోతాయి.

1. వెనక కాగితంతో సహా స్టిక్కర్‌ను డిక్కీ మీద పెట్టి, పైన రెండు చిన్న మాస్కింగ్ టేపు ముక్కలతో నిలపండి. పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. కొలత నంబరు ప్లేటు పై అంచు నుంచో డిక్కీ గీత నుంచో తీసుకోండి. నేల వాలుగా ఉండొచ్చు కాబట్టి దాన్ని నమ్మకూడదు. కెమెరా, డిక్కీ మీట, లైట్లు మూసుకుపోకుండా చూడండి.

2. సరిగ్గా ఉందనిపించాక స్టిక్కర్ నడుమన, పైనుంచి కిందికి ఒక టేపు పట్టీ వేయండి. అది రేకుకు కూడా రెండు చివరలా అంటుకోవాలి. స్టిక్కర్ ఇక పక్కకు జరగదు. పైన పెట్టిన ముక్కలు తీసేయండి.

3. ఎడమ సగాన్ని పైకెత్తి వెనక కాగితాన్ని మధ్య పట్టీ దాకా ఒలవండి. అక్షరాలు కాగితంతో పాటే వస్తుంటే కాగితాన్ని మళ్లీ ఆనించి పైనుంచి రుద్ది, నెమ్మదిగా ఒలవండి. ఒలిచిన కాగితాన్ని కత్తెరతో కత్తిరించి పారేయండి.

4. ఆ సగాన్ని కొంచెం బిగువుగా పట్టుకుని, మధ్య పట్టీ నుంచి బయటికి స్క్వీజీతో (షీటును నొక్కి గాలి తోసే ప్లాస్టిక్ పలకతో) నొక్కుతూ దించండి. స్క్వీజీ లేకపోతే పాత ఏటీఎం కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టుకోండి. ఒక గీటు మీదికి ఇంకో గీటు కొంచెం ఎక్కాలి. చేత్తో ముందే అద్దేస్తే లోపల గాలి బందీ అవుతుంది.

5. మధ్య పట్టీ తీసేసి, కుడి సగం కాగితం ఒలిచి, అదే తీరున నడిమి నుంచి బయటికి.

6. మొత్తం మీద గట్టిగా రుద్దండి. తలకట్లు, చుక్కలు, సన్నని కొసల దగ్గర ఇంకాస్త ఎక్కువ. పది నిమిషాలు వదిలేయండి.

7. ట్రాన్స్‌ఫర్ టేపును ఒక మూల నుంచి, దాని మీదికే మడిచినట్టుగా, రేకుకు ఆనించి లాగండి. మీ వైపుకు నిటారుగా లాగితే అక్షరం లేస్తుంది. ఏ ముక్కయినా లేస్తే టేపును తిరిగి ఆనించి, రుద్ది, ఇంకా నెమ్మదిగా.

టేపు తీశాక అంచులన్నిటినీ గుడ్డ చుట్టిన కార్డుతో ఒకసారి నొక్కాలి. చిన్న బుడగలుంటే తొందరపడకండి, రెండు మూడు రోజుల ఎండకు చాలావరకు వాటంతటవే పోతాయి. పోనివాటికి బుడగ అంచున సూదితో చిన్న రంధ్రం చేసి అటువైపుగా నొక్కితే చాలు. అంటించిన వినైల్‌ను లేపి మళ్లీ అంటించాలని చూడొద్దు. సాగిన వినైల్ ఎప్పటికీ పాత రూపానికి రాదు.

మూడో పని: తలుపుల కింద చారలు

చారలు కొయ్యడం తేలిక, అంటించడం కష్టం. పొడుగు షీటు వంకర పోయిందంటే ఆ వంకర రోడ్డు మీద అందరికీ కనిపిస్తుంది. అందుకని ముందు మాస్కింగ్ టేపుతో చార మొత్తం కారు మీద వేసి, రెండు రోజులు అలాగే తిరగండి. ఆఫీసు పార్కింగ్‌లో దూరం నుంచి చూడండి. వెడల్పు ఎక్కువైందో, ఎత్తు కుదరలేదో అప్పుడే తెలుస్తుంది. చాలామంది చారను వెడల్పుగా వేసేస్తారు. నా లెక్కలో చిన్న కారుకు 5 సెంటీమీటర్ల చార ఒకటి, దాని పైన సెంటీమీటరు వదిలి సన్న గీత ఒకటి, అంతకు మించితే ట్యాక్సీ వాలకం వస్తుంది.

కొలతలకు తలుపు మీద కంపెనీ వాళ్లు ఇచ్చిన మడత గీతే ఆధారం. దాన్నుంచి కిందికి ప్రతి ప్యానెల్ మీద రెండేసి చోట్ల కొలిచి, పెయింటు మీద గీయకుండా టేపు ముక్కల మీద గుర్తులు పెట్టుకోండి. ముందు చక్రం వెనక మూడు నాలుగు సెంటీమీటర్లు వదిలి మొదలుపెట్టండి. చక్రం విసిరే కంకర, బురద తగిలేది అక్కడే.

ముందు తలుపుకు, వెనక తలుపుకు ఒకే పొడుగు షీటు వేసి సందులో కొయ్యడం షాపుల అలవాటు. మనం ఆ పని చేయొద్దు. బ్లేడు ఒక్కసారి పెయింటును తాకితే రేకు బయటపడి తుప్పు మొదలవుతుంది. ప్రతి ప్యానెల్‌కు విడి ముక్క బల్ల మీదే కోసుకుని, అంచుకు 3 మిల్లీమీటర్లు ముందే ఆపండి. చూసేవారికి ఆ తేడా తెలియదు, తలుపు తీసి వేసేటప్పుడు వేలికి, చీర కొంగుకు తగులుకోదు.

ఇక్కడ నీటి పద్ధతి బావుంటుంది. లీటరు ఆర్‌ఓ నీళ్లలో బేబీ షాంపూ నాలుగైదు చుక్కలు కలిపి, రేకు మీద, ఒలిచిన జిగురు వైపు కూడా చల్లండి. తడి మీద చార జారుతుంది కాబట్టి గుర్తులకు సరిగ్గా జరుపుకోవచ్చు. ఇద్దరుంటే మంచిది, చెరో చివర పట్టుకోవాలి. కుదిరాక నడిమి నుంచి రెండు వైపులకూ నీళ్లు బయటికి వచ్చేలా స్క్వీజీతో తోయండి. షాంపూ ఎక్కువైతే జిగురు రోజుల తరబడి పట్టదు. ట్రాన్స్‌ఫర్ టేపు ఉంటే గంట ఆగి తీయండి, వానాకాలమైతే ఇంకొంచెం ఎక్కువ. గాలి కాలవలున్న ర్యాప్ ఫిల్ముకు మాత్రం నీళ్లు వాడొద్దు, ఆ కాలవలు నీటితో నిండి పని చేయవు. దాన్ని పొడిగానే వేయాలి.

వంపు దగ్గర షీటు మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి నొక్కండి. గట్టిగా లాగి అంటిస్తే ఇవాళ కూర్చుంటుంది, మధ్యాహ్నం ఎండకు వెనక్కి లేస్తుంది.

ఆ తర్వాత

జిగురు పూర్తిగా పట్టడానికి రెండు మూడు రోజులు కావాలి. అంతవరకు కడగొద్దు. తర్వాత కూడా వాటర్ సర్వీసింగ్ కుర్రాడికి చెప్పండి: గన్ను కనీసం అడుగు దూరంలో ఉండాలి, నీళ్లు నేరుగా పడాలి, అంచు కిందికి దూరేలా ఏటవాలుగా కొట్టకూడదు. పాలిష్ చేసేటప్పుడు మ్యాట్ వినైల్‌ను వదిలేయమనండి, మచ్చలు పడతాయి. దసరాకు వాహన పూజలో పసుపు తెల్ల వినైల్‌కు అంటితే కంగారు పడి రసాయనాలతో రుద్దకండి. సబ్బు నీళ్లతో తుడిచి ఎండలో పెట్టండి, పసుపు రంగు వెలుతురుకు తనంతట తానే వెలిసిపోతుంది.

తీసేయాలనుకున్నప్పుడు షీటు పూర్తిగా ఎండిపోయి పెళుసుబారక ముందే తీయడం మేలు. పగుళ్లు కనిపించడం మొదలైతే ఇక ఆలస్యం చేయొద్దు. లేకపోతే గోరంత ముక్కలుగా గీరుకుంటూ కూర్చోవాలి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, ఒక మూల ప్లాస్టిక్ కార్డుతో లేపి, చాలా నెమ్మదిగా, ఒకే వేగంతో లాగండి. మిగిలిన జిగురు మీద నీలగిరి తైలం రాసి ఐదు నిమిషాలు ఉంచితే గుడ్డకు వచ్చేస్తుంది. తర్వాత షాంపూతో కడగాలి. పెయింటు మీద బ్లేడు పెట్టొద్దు.

స్టిక్కర్ కింద పెయింటు ఎండ చూడలేదు, చుట్టూ ఉన్నది చూసింది. కాబట్టి తీశాక ఆ అక్షరాల నీడ రేకు మీద కనిపించొచ్చు. ఎర్ర, నీలం కార్లలో ఎక్కువ, తెల్ల కార్లలో తక్కువ. ఆ ప్యానెల్ మొత్తానికి రబ్బింగ్ కాంపౌండ్ పట్టించి పాలిష్ చేస్తే చాలావరకు కలిసిపోతుంది. కారు అమ్మాలనుకుంటే ఈ పని కొనేవాడు చూడ్డానికి రాకముందు, ఒకటి రెండు నెలల ముందే చేసిపెట్టుకోండి. ఆ వ్యవధిలో ఎండ కూడా మిగతా తేడాను కొంత సరిచేస్తుంది.